రాత్రి రాని ఊళ్లో సినిమా తిరునాళ్లు

పిల్లలూ, మీలో డేరా సినిమా చూసినవాళ్లు ఉండరు. మీ తాతయ్యలనూ అమ్మమ్మలనూ అడిగితే చెబుతారు. నా చిన్నతనంలో పంటలు ఇళ్లకు చేరి, రైతుల చేతుల్లో నాలుగు డబ్బులు ఆడే రోజుల్లో మా ఊరి బయట చెరువుగట్టు పక్కన పెద్ద డేరా లేచేది. ముందు భాగమంతా ఇసుక. అది నేల టిక్కెట్టు. వెనక బెంచీలు, ఇంకా వెనక నాలుగు కుర్చీలు. సాయంత్రం కాగానే మైకులో ఘంటసాల పాటల రికార్డులు వేసేవారు. వాటిలో ఒక పాట వచ్చిందంటే ఇక ఆట మొదలవుతుందని గుర్తు. ఆ పాట చెవిని పడితే కంచం ముందునుంచి లేచి పరుగెత్తేవాళ్లం.

అయితే ఆ పాట ఎప్పుడుపడితే అప్పుడు వచ్చేది కాదు. ముందు పొద్దు పూర్తిగా గుంకాలి. డేరా గుడ్డకు చిల్లులు జాస్తి, పక్కలు సగం తెరిచే ఉండేవి. వెలుతురుండగా ఆట వేస్తే తెరమీద బొమ్మ కనబడదు. డేరా యజమాని బయట నిలబడి పడమటి దిక్కుకేసి చూసేవాడు. వేసవిలో పొద్దు ఒక పట్టాన గుంకదు గదా! మేమంతా ఆయన చుట్టూ చేరి సూర్యుణ్ణి తిట్టుకునేవాళ్లం.

ఇప్పుడు నేను చెప్పబోయే ఊళ్లో ఆ యజమాని అలా నిలబడితే నెలన్నర నిలబడవలసిందే. ఎందుకంటే అక్కడ మే ఆఖరునుంచి జూలై మధ్యదాకా పొద్దు గుంకనే గుంకదు. తమాషా ఏమంటే, ఆ ఊరివాళ్లు సరిగ్గా ఆ రోజుల్లోనే, జూన్ నెల నడుమ, డేరాలు వేసి అయిదు రోజులపాటు పగలూ రాత్రీ సినిమాలు ఆడిస్తారు. 1986లో మొదలుపెట్టారు. అదొక పెద్ద తిరునాళ్లు అయి కూచుంది.

ఆ ఊరి పేరు సొడాన్‌క్యులా. ‘క్యులా’ అంటే ఫిన్లండు భాషలో ఊరు అనే అర్థం. రండి, మనం కూడా ఒకసారి వెళ్లివద్దాం.

ఫిన్లండు ఐరోపా ఖండానికి ఉత్తరపు కొసన ఉన్న దేశం. దాని రాజధాని హెల్సింకి దక్షిణాన సముద్రపు ఒడ్డున ఉన్నది. అక్కడ సాయంత్రం రైలెక్కితే రాత్రంతా ఉత్తరానికి పరుగెత్తి, సుమారు పన్నెండు గంటలకు రొవానియెమి అనే పట్నం చేరుస్తుంది. ‘రాత్రంతా’ అన్నది అలవాటు చొప్పున అన్న మాటే. జూన్‌లో ఆ రైలు కిటికీలోంచి చూస్తే అర్ధరాత్రి కూడా అడవులూ సరస్సులూ కనబడుతూనే ఉంటాయి. రొవానియెమిలో దిగి బస్సెక్కాలి. పట్నం దాటిన కొద్దిసేపటికే ఆర్కిటిక్ వలయం దాటుతాం. భూమి పటంలో ఉత్తర ధ్రువం చుట్టూ గీసి ఉంటుందే, అదే! అక్కడినుంచి రోడ్డు కిరుపక్కలా దేవదారు జాతి చెట్లు, చిత్తడి నేలలు. ఉన్నట్టుండి బస్సు నెమ్మదిస్తుంది. రోడ్డు మధ్య రెయిన్‌డీరు దుప్పులు తాపీగా నిలబడి ఉంటాయి. అవి అడవి జంతువులని అనుకునేరు! ప్రతి దుప్పికీ ఒక యజమాని ఉంటాడు. మనవాళ్లు పశువులకు వాతలు పెట్టి గుర్తు వేసుకున్నట్టే, వాళ్లు వాటి చెవులకు గాట్లు పెట్టి గుర్తు వేసుకుంటారు.

రొవానియెమి నుంచి 130 కిలోమీటర్లు పోతే మన ఊరు వస్తుంది. ఈ ఊరి పంచాయతీ హద్దులు చూస్తే కళ్లు తిరుగుతాయి: 12,400 చదరపు కిలోమీటర్లు! మన ఉమ్మడి గుంటూరు జిల్లాకంటె పెద్దది. అందులో ఉండే జనం మాత్రం ఎనిమిది వేల పైచిలుకు. ఒక వెడల్పాటి వీధి, దాని రెండు పక్కలా సాదా కట్టడాలు, పక్కన కితినెన్ అనే నది, అంతే ఊరు. చూడగానే ‘ఇంతేనా?’ అనిపిస్తుంది. అలా ఉండటానికి కారణం ఉంది. 1944లో, రెండవ ప్రపంచ యుద్ధం చివర, వెనుదిరిగి పోతున్న జర్మన్ సైన్యాలు దారి పొడుగునా ఊళ్లు తగలబెట్టాయి. రొవానియెమి దాదాపు పూర్తిగా బూడిద అయింది. ఈ ఊరూ తగలబడింది. తరవాత జనం తిరిగివచ్చి, ఉన్నదాంట్లో త్వరత్వరగా ఇళ్లు కట్టుకున్నారు. 1689లో కట్టిన ఒక చెక్క చర్చి మాత్రం ఆ మంటలకు చిక్కకుండా మిగిలి ఇప్పటికీ నిలబడి ఉన్నది.

సరే, ఇక్కడ సూర్యుడు ఎందుకు అస్తమించడు? ఇది పుస్తకంలో చదవటంకంటె చేసి చూస్తే తేలిగ్గా తెలుస్తుంది. ఒక బత్తాయి పండు తీసుకుని దాని నడుమగా పైనుంచి కిందికి ఒక అల్లిక సూది గుచ్చండి. చీకటి గదిలో బల్లమీద దీపం పెట్టండి. సూది పైకొసను దీపంకేసి కొంచెం వంచి పట్టుకోండి. మన భూమి కూడా ఇలాగే ఇరవైమూడున్నర డిగ్రీలు వంగి ఉన్నది. ఇప్పుడు బత్తాయి పైభాగాన, సూదికి దగ్గరగా ఒక గుండుసూది గుచ్చి, పండును గిరగిరా తిప్పండి. గుండుసూది ఎంత తిరిగినా వెలుతురులోనే ఉంటుంది. బత్తాయి నడుమ మరొక గుండుసూది గుచ్చితే అది ఒకసారి వెలుతురులోకీ ఒకసారి చీకట్లోకీ వస్తూ పోతూ ఉంటుంది. రెండవ గుండుసూదికి కొంచెం పైన ఉన్నవాళ్లం మనం. అందుకే మనకు జూన్‌లో పగలు పదమూడు గంటలే. మొదటి గుండుసూది సొడాన్‌క్యులా. ఆరు నెలలు గడిచేసరికి వంపు దీపానికి అవతలివైపు అవుతుంది. అప్పుడు, డిసెంబరులో, అక్కడ నడిమధ్యాహ్నం కూడా సూర్యుడు కనబడీ కనబడనట్టు ఉంటాడు.

జూన్ రాత్రి అక్కడ ఆకాశం చూడటం ఒక అనుభవం. సూర్యుడు పడమట దిగుతూ దిగుతూ, తీరా నేలను తాకబోయే సమయానికి పక్కకు జారుకుని ఉత్తర దిక్కుకు వస్తాడు. చెట్ల తలలను ఆనుకుని అలాగే నడిచి, తూర్పుకు చేరి, మళ్లీ పైకి ఎక్కుతాడు. అక్కడి గడియారాలు వేసవిలో ముందుకు జరిపి ఉంటాయి గనక, సూర్యుడు అన్నిటికంటె కిందికి వచ్చే వేళకు ముల్లు ఒంటిగంటంపావు చూపుతుంది.

ఇలాంటి చోట సినిమా ఏమిటి? ఈ సందేహం మీకు రావాలి. సినిమాకు కావలసిన మొట్టమొదటి వస్తువు చీకటి. ప్రొజెక్టరు తెరమీదికి వెలుతురును విసరగలదు గాని నలుపును విసరలేదు. తెరమీద మనకు నల్లగా కనబడే జుట్టూ, గుర్రమూ, రాత్రీ అంతా వెలుతురు పడని చోటు మాత్రమే. గదిలోకి బయటి వెలుతురు జొరబడిందా, నలుపు కాస్తా బూడిదరంగు అయిపోతుంది. ఇంకో వింత వినండి. పాత ఫిల్ము ప్రొజెక్టరులో సెకనుకు 24 బొమ్మలు మారతాయి. బొమ్మ జరిగేటప్పుడు ఒక రేకు వచ్చి వెలుతురును ఆపేస్తుంది. అందుచేత మనం రెండు గంటల సినిమా చూశామంటే, అందులో ఇంచుమించు గంటసేపు ఉత్త చీకటినే చూశామన్నమాట! మన కన్ను అది గమనించదు.

అందుకే సొడాన్‌క్యులాలో డేరా వేసేవాళ్లకు ముందున్న పని సూర్యుణ్ణి బయట నిలబెట్టటం. వాన రాకుండా డేరా వేయటం అందరూ ఎరిగినదే. ఎండ రాకుండా, అందులోనూ అర్ధరాత్రి ఎండ రాకుండా డేరా వేయటం వాళ్లకే చెల్లింది.

ఈ ఆలోచన 1985లో ఆన్సి మాంటారి అనే సినిమా దర్శకుడికి వచ్చింది. ఆయన తన స్నేహితులైన కౌరిస్మాకి సోదరులకు చెప్పాడు. అన్న మికా, తమ్ముడు ఆకి, ఇద్దరూ దర్శకులే. అప్పటికి ముప్పై ఏళ్లు అటూ ఇటూగా ఉన్న కుర్రవాళ్లు. వీళ్లకు పేటర్ ఫాన్ బాగ్ అనే సినిమా చరిత్రకారుడు తోడయ్యాడు. ఊరి పంచాయతీవారు కూడా చేయి కలిపారు. ఇలా నలుగురు మనుషులూ ఒక ఊరూ కలిసి తిరునాళ్లు తలపెట్టారు.

మరొకరైతే నవ్వేవారు. సంవత్సరంలో సగం చలిలోనూ చీకట్లోనూ గడిపిన జనం, తీరా ఎండ వచ్చాక తలుపులు మూసుకుని చీకట్లో కూచుంటారా? రాజధానినుంచి అంత దూరం ఎవరు వస్తారు? ఎవరైనా వచ్చినా రాకున్నా దోమలు మాత్రం తప్పక వస్తాయి. అక్కడి దోమలు మన గోదావరి లంకల దోమలకు తీసిపోవు.

అయినా 1986 జూన్‌లో తిరునాళ్లు జరిగింది. మొదటి ఏడే సముద్రాలు దాటి అతిథులు వచ్చారు. వారిలో పెద్దవాడు అమెరికా దర్శకుడు శామ్యూల్ ఫుల్లర్. అప్పటికి ఆయనకు డెబ్బై మూడేళ్లు. కుర్రతనంలో పత్రికా విలేకరి, తరవాత సైనికుడు. 1944లో ఫ్రాన్సు తీరాన దిగి జర్మన్ సైన్యాలతో పోరాడినవారిలో ఆయన ఒకడు. అదే ఏడు అదే సైన్యం చేతిలో తగలబడిన ఊళ్లోకి ఆయన నలభై రెండేళ్ల తరవాత సినిమా డబ్బాలతో నడిచి వచ్చాడు. ఊరివాళ్లు ఆయనను మరచిపోలేదు. ఊళ్లో ఒక వీధికి ఆయన పేరు పెట్టుకున్నారు.

మరుసటి ఏడు ఇంగ్లండునుంచి మైకేల్ పవెల్ వచ్చాడు. ఈయన పేరు మీకు తెలియకపోవచ్చు గాని, ఎగిరే తివాచీ, సీసాలోంచి లేచే భూతం ఉన్న ‘థీఫ్ ఆఫ్ బాగ్దాద్’ అనే 1940 నాటి చిత్రం సంగతి మీ ఇంట్లో పెద్దవాళ్లు వినే ఉంటారు. దాని దర్శకులలో పవెల్ ఒకరు. అందులో దొంగపిల్లవాడుగా నటించిన సాబు మన మైసూరు సీమలో ఒక మావటివాని కొడుకు!

తరవాత వచ్చినవాళ్ల పేర్లన్నీ రాస్తే ఈ పేజీలు చాలవు, మీకూ విసుగు. 2002లో అమెరికానుంచి ఫ్రాన్సిస్ కొప్పోలా అంతటివాడు వచ్చాడంటే చాలు. ఇరాన్‌నుంచి అబ్బాస్ కియరొస్తామీ కూడా వచ్చాడు. స్నేహితుడి నోటుపుస్తకం పొరపాటున తన సంచిలో వచ్చిందని, దాన్ని తిరిగి ఇవ్వటానికి ఒక బడిపిల్లవాడు పక్క ఊరికి పడే పరుగు తప్ప మరో కథ లేకుండా ఆయన 1987లో ఒక చిత్రం తీశాడు. ఎప్పుడైనా దొరికితే తప్పక చూడండి.

ఇంత దూరం ఇంత గొప్పవాళ్లు ఎందుకు వస్తున్నారు? బహుమతికోసం కాదు. అక్కడ బహుమతులే లేవు. ఫ్రాన్సులో 1946 నుంచి జరుగుతున్న కాన్ చిత్రోత్సవంలో ఎర్ర తివాచీ పరుస్తారు, న్యాయనిర్ణేతలు కూచుంటారు, బంగారు తాటిమట్ట ఇస్తారు. అదొక పద్ధతి. దాన్ని నేను తప్పు పట్టను. ఆకి కౌరిస్మాకికే 2002లో అక్కడ పెద్ద బహుమతి వచ్చింది. కాని సొడాన్‌క్యులాలో గెలిచేవారూ లేరు, ఓడేవారూ లేరు. కొత్త చిత్రం పక్కన డెబ్బై ఏళ్లనాటి చిత్రం ఆడుతుంది. దర్శకుడు ఆ ఉన్న ఒక్క వీధిలోనే అందరితోపాటు నడవాలి, డేరా ముందు అందరితోపాటు నిలబడాలి. దోమలు కూడా ఆయనను వేరుగా చూడవు.

ఇప్పుడు లోపలికి వెళ్దాం. ఆటలు జరిగేది ఊళ్లో ఉన్న లాపిన్సూ అనే చిన్న సినిమాహాల్లోనూ, బడిలోని వ్యాయామశాలలోనూ, సర్కసు గుడారంలాంటి పెద్ద డేరాలోనూ, చిన్న డేరాలోనూ. అవును, బడిలోనే! వేసవి సెలవులు గనక పిల్లలు ఆడుకునే చోట తెర కడతారు. పెద్ద డేరాలో కొన్నిసార్లు మాటలు లేని పాతకాలపు చిత్రాలు వేస్తారు. తెర పక్కనే వాద్యగాళ్లు కూచుని బొమ్మను చూస్తూ అప్పటికప్పుడు సంగీతం వాయిస్తారు. ఇంకోసారి పాటల చిత్రం వేసి, తెరమీద పడే పాటను జనమంతా కలిసి పాడతారు. మన డేరాలో పక్కవాడు పాడితే ‘ఉష్!’ అనేవాళ్లం. అక్కడ పాడకపోతేనే తప్పు.

ఒంటిగంటకు ఒక ఆట మొదలవుతుంది, అంటే రాత్రి ఒంటిగంటకు. మూడింటికి అయిపోతుంది. కథలో చీకటి, వాన, ఎవరో ఏడుస్తూ ఉన్నారు. జనం కళ్లు తుడుచుకుంటూ డేరా తెర ఎత్తుకుని బయటికి వస్తారు. ఎదురుగా ఫెళ్లుమని ఎండ! పక్షులు కూస్తూ ఉంటాయి. ఇది రాత్రా, పగలా, నిద్రపోవాలా, కాఫీ తాగాలా ఎవరికీ తెలియదు. కొందరు నది ఒడ్డున తమ చిన్న గుడారాలకు పోతారు. కొందరు మళ్లీ టిక్కెట్ల వరసలో నిలబడతారు.

ఉదయం పదింటికి మాత్రం ఎంత నిద్రవస్తున్నా చాలామంది బడికి చేరుకుంటారు. అక్కడ ఒక అతిథిని కూచోబెట్టి పేటర్ ఫాన్ బాగ్ మాట్లాడించేవాడు. దాదాపు ముప్పై ఏళ్లు ఆయనే ఆ పని చేశాడు. ఎంత గొప్ప దర్శకుడు వచ్చినా ఆయన మొదటి ప్రశ్న ఒక్కటే:

‘మీరు చూసిన మొట్టమొదటి సినిమా ఏది?’

చిన్న ప్రశ్నే. కాని జవాబు చెప్పాలంటే ఆ పెద్దమనిషి తాను తీసిన చిత్రాలూ, వచ్చిన పేరూ అన్నీ పక్కన పెట్టి మళ్లీ అయిదారేళ్ల పిల్లవాడు కావాలి. ఎవరి చెయ్యి పట్టుకుని వెళ్లాడో, ఎక్కడ కూచున్నాడో, దేనికి భయపడ్డాడో గుర్తు చేసుకోవాలి. ఆఖరు ప్రశ్నకూడా పిల్లల ప్రశ్నలాంటిదే: ఎవరూ లేని దీవికి ఒక్క సినిమా తీసుకుపోవాలంటే ఏది తీసుకుపోతారు? ఈ సంభాషణలన్నిటినీ కూర్చి ఫాన్ బాగ్ 2010లో ఒక చిత్రం కూడా తయారుచేశాడు.

ఇలా ఏటేటా తిరునాళ్లు పెరిగింది. బాగా సాగిన ఏళ్లలో ఆ అయిదు రోజులకూ కలిపి పాతికవేలకు పైగా టిక్కెట్లు తెగాయి. ఊరి జనానికి మూడింతలు! ఇంత అయ్యాక మామూలుగా ఏం జరుగుతుంది? పెద్ద పట్నానికి మార్చుదాం, పది రోజులు చేద్దాం, పెద్ద మేడ కడదాం అనే మాటలు వస్తాయి. ఇక్కడ అవేమీ జరగలేదు. అయిదు రోజులు అయిదు రోజులుగానే ఉన్నాయి. ఆ బడే, ఆ డేరాలే. లోపల చోటు చాలకపోతే వరసలో నిలబడినవాళ్లు మరొక ఆటకు పోవలసిందే. మనుషులు పెరిగారు గాని తిరునాళ్లు లావెక్కలేదు. నన్నడిగితే ఇది అన్నిటికంటె కష్టమైన పని. మా ఊరి డేరా యజమాని నాలుగు డబ్బులు కూడగానే పట్నంలో రేకుల హాలు కట్టుకుని వెళ్లిపోయాడు. ఆయనను తప్పుపట్టలేం. కాని మా చెరువుగట్టు పక్కన మళ్లీ డేరా లేవలేదు.

రెండుసార్లు మాత్రం సొడాన్‌క్యులా తిరునాళ్లకు గట్టి దెబ్బ తగిలింది. 2014 సెప్టెంబరులో ఫాన్ బాగ్ చనిపోయాడు. పొద్దున పదింటికి ఆ ప్రశ్న అడిగే మనిషే లేడు. కాని మరుసటి జూన్‌లో డేరాలు లేచాయి. ఉదయపు సంభాషణలు నడపటానికి వేరేవాళ్లు కూచున్నారు. రెండవ దెబ్బ 2020లో కరోనా జబ్బు. జనం గుమిగూడటానికి వీల్లేకపోయింది. ఆ ఏడు చిత్రాలను ఎవరి ఇళ్లలో వాళ్లే కంప్యూటర్ల మీద చూశారు. సినిమాలు అవే, కాని బయటికి వస్తే ఎదురయ్యే అర్ధరాత్రి సూర్యుడేడీ? 2022లో జనం మళ్లీ ఊరికి వచ్చారు, డేరాల ముందు మళ్లీ వరసలు కట్టారు, దోమలు తమ పని తాము చేసుకున్నాయి.

ఇదంతా చదివాక నేను మా అమ్మ దగ్గర కూచుని ఫాన్ బాగ్ ప్రశ్న అడిగాను. ఆవిడకు ఎనభై దాటాయి. చాలాసేపు ఆలోచించింది. సినిమా పేరు గుర్తులేదంది. నేల టిక్కెట్టులో వాళ్ల నాన్న భుజాలమీద కూచుని చూసిందట. ఒక రాజకుమారుడు గుర్రమెక్కి కొండ ఎక్కుతున్నాడట. అంతలో పెద్దవాన వచ్చి డేరా కుంగిపోయి ఆట ఆగిపోయిందట. తాతయ్య ఆవిడ నెత్తిమీద ఉత్తరీయం కప్పి బురదలో ఇంటికి పరుగెత్తాడట.

‘ఆ కొండమీద ఏముందో మళ్లీ చూడనే లేదురా,’ అంది.